వునిమోలిలో ఎత్తిపోసుకున్న కొబ్బరిచిప్ప

అనకాపల్లిలో డిగ్రీ పిల్లలకు పంతొమ్మిదేళ్లుగా భూగోళం చెబుతున్నాను. పసిఫిక్ దీవుల పాఠం సిలబస్‌లో అన్నిటికంటే చివర వస్తుంది. పరీక్షలు నెత్తిమీదికొచ్చాక ఒకటిన్నర పీరియడ్‌లో దాన్ని గట్టెక్కించేస్తుంటాను. అగ్నిపర్వత దీవులు, పగడపు దిబ్బలు, వాణిజ్య పవనాలు, చెరకు, కొబ్బరి, భూమి హక్కులు, గంట. ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి లేచి, "అక్కడి వాళ్లు పొద్దున్నే ఏం తింటారు మేడమ్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను, జవాబు మాత్రం చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి. ఆ ఏడాది నుంచి డబ్బు వెనకేయడం మొదలుపెట్టి, నాలుగో ఏడు మే నెల సెలవుల్లో ఫిజీకి బయల్దేరాను.

నాకు అక్కడ తెలిసిన మనిషి ఒక్కతే, పద్మ. సువాలో మందుల షాపు నడుపుతుంది. అక్కడి తెలుగు సంఘం వాళ్లు పిల్లలకు వాచకాలు కావాలని అడిగితే నేను పంపాను, ఆ పార్సిళ్లతో మొదలైంది మా ఉత్తరాల స్నేహం. తను ఇంగ్లీషులో రాసేది, చివర 'నమస్కారం' అని మాత్రం తెలుగులో, గుండ్రంగా, బొమ్మ గీసినట్టు రాసేది.

సింగపూర్, సిడ్నీల మీదుగా నాందీలో దిగేసరికి సాయంత్రం ఆరు దాటింది. విమానాశ్రయం దగ్గర్లోనే ఒక చిన్న లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రంగా ఉంది, బల్లులు మనవాటికంటే మర్యాదస్తులు. తెల్లారి ఏడున్నరకు సువా బస్సు ఎక్కాను. టికెట్టు డ్రైవరే కొట్టి ఇస్తాడు. బస్టాండులో ఒక ముసలావిడ గంపలోంచి రోటీ పార్సిల్ తీసి ఇచ్చింది. పెద్ద చపాతీలో బంగాళాదుంప కూర చుట్టి, కాగితంలో మడిచినది. వెనక బెంచీ అమ్మాయి ప్రశ్నకు ఒక జవాబు దొరికింది, బస్సు కదలకముందే.

ఆ బస్సు కిటికీలకు అద్దాలుండవు. పైన టార్పాలిన్ చుట్టలు కట్టి ఉంటాయి. వాటివల్ల నేను నా పాఠం మొత్తం కళ్లారా చూశాను. నాందీ నుంచి సింగటోకా దాకా ఎండ, ఎండు గడ్డి కొండలు, చెరకు, చెరకు మోసే బుల్లి రైలు పట్టాలు. అచ్చం మా అనకాపల్లి పక్క ఊళ్లలాగే ఉంది. పది గంటల తర్వాత చెట్లు చిక్కబడ్డాయి, కొండలు పచ్చబడ్డాయి. నావువా చేరేలోపు ఎవరూ చెప్పకుండానే బస్సులో అందరూ ఒక్కసారిగా చేతులెత్తి టార్పాలిన్లు దించేశారు. రెండు నిమిషాల్లో వాన దడదడా మొదలైంది. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి కొండలకు అడ్డుపడి ఇటువైపు కురిసేస్తుంది, అటువైపుకి ఏమీ మిగల్చదు. బోర్డు మీద బాణాలు గీసి గీసి సుద్దముక్కలు అరగదీసిన సంగతి ఇది. ఆనందం పట్టలేక పక్కనున్న ఫిజీ ఆవిడకు ఇంగ్లీషులో వివరించాను. ఆవిడ ఓపికగా విని, "అవునమ్మా, అందుకే మేము గొడుగు ఇక్కడ తీస్తాం" అంది. భూగోళంలో పట్టా నాది, పరిజ్ఞానం ఆవిడది.

పన్నెండుకు సువా చేరాను. పద్మ షాపు మూసి వచ్చి నన్ను నసీనులో తన ఇంటికి తీసుకెళ్లింది. సువాకీ నౌసోరికీ మధ్య ఇళ్లు ఇళ్లుగా సాగిపోయిన ప్రాంతం అది. పొద్దున్న అందరూ సువా బస్సుల్లో వెళ్తారు, సాయంత్రం అందరూ అవే బస్సుల్లో తిరిగొస్తారు. పద్మకు నలభై దాటాయి, మాట చురుకు. ఉత్తరం చివర అంత గుండ్రంగా రాసే తెలుగు ఆమె నోట్లో సగం హిందీ అయిపోయింది. "ఇంట్లో హిందీయే అక్కా. తెలుగు గుడిలో పాటకు ఉంది. పాట మతలబ్ నై జాన్తా" అని, పాటకు అర్థం తెలియదని తనే ముందు ఒప్పేసుకుంది.

అన్నం తిన్నాక నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లి చూపించింది. కొత్త మంచం, కొత్త దోమతెర, గోడకు వెంకటేశ్వరస్వామి. ఈ గది నాకోసం కాదట, వాళ్ల పెదనాన్న సింహాచలం గారి కోసమట. ఆయన ఓడ మీద వెళ్లాల్సిన ఇంకో దీవిలో, లంబాసా దగ్గర వునిమోలిలో చెరకు పండిస్తాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. పొలం అక్కడి ఫిజీ ఊరి వంశం వాళ్లది, ముప్పై ఏళ్ల లీజు. ఈ ఏడు కోతతో అది అయిపోతుంది. మళ్లీ రాసిస్తారో లేదో తెలియదు. చుట్టుపక్కల చాలామందికి రాయలేదు, వాళ్లంతా ఇళ్లు విప్పుకుని నసీను వచ్చేశారు. ఈయన మాత్రం అడిగి చూస్తానని అక్కడే కూర్చున్నాడు.

నేను ఎలాగూ లంబాసా చూడబోతున్నాను కనుక పద్మ నాకో పని అప్పజెప్పింది. "నువ్వు ఇండియా నుంచి వచ్చినావు, నీ మాట వింటాడు. గది రెడీ అని చెప్పు. అడగడం వద్దు అని చెప్పు. డెబ్బై రెండేళ్లకు ఒకళ్ల ముందు కూచుని అడగడం వద్దు" అంది. చివరి మాట నా మొహం చూడకుండా, దోమతెర సర్దుతూ అంది. సరేనని మాటిచ్చాను. లీజుల గురించి క్లాసులో ఒక పేరా చెప్పేదాన్ని కదా, ఆ ధైర్యం.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే అయిదున్నరకు సువాలో ఓడ బస్సు ఎక్కాను. బస్సూ ఓడా కలిపి ఒకటే టికెట్టు. ఏడున్నరకు నాతోవి రేవు. బస్సు బస్సంతా ఓడ కడుపులోకి దూరిపోయింది, మేము మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లాం. నాలుగు గంటల ప్రయాణం. పగడపు దిబ్బ లోపల సముద్రం లేత రంగులో కదలకుండా ఉంటుంది, దిబ్బ దాటగానే ముదురుతుంది, ఓడ ఊగుతుంది. నా పక్కన వటుకౌలా బంగారు గనిలో పనిచేసి మానేసిన మనిషి ఒకాయన కూర్చున్నాడు. చెల్లెలి ఇంటికి వెళ్తున్నాడట. ఇరవై ఏళ్లు భూమి కింద ఉన్నానని, అందుకే ఎప్పుడూ పై అంతస్తులోనే కూర్చుంటానని చెప్పాడు. నాకు వాంతి వచ్చేలా ఉంటే ఒక నిమ్మకాయ ఇచ్చి, వాసన చూస్తూ దూరపు కొండను చూడమన్నాడు. అలా చూస్తూ చూస్తూ పదకొండున్నరకు నంబౌవాలులో దిగాను.

అక్కణ్ణించి లంబాసాకి మట్టి రోడ్డు. వాన కురిసే వైపు నుంచి ఎండ కాసే వైపుకి మళ్లీ దాటాం. ఈసారి నేను ఎవరికీ ఏమీ వివరించలేదు. మూడుంబావుకి లంబాసాలో దిగేసరికి నా నీలం చీర గోధుమరంగుకు తిరిగింది.

సింహాచలం గారు బస్టాండులో నిలబడి ఉన్నారు. సన్నగా, నిటారుగా, చేతిలో టోపీ. "అనకాపల్లియా?" అన్నారు ముందు. అవునన్నాను. "మా అమ్మ ఆ తరఫే. చిన్నపిల్ల ఓడ ఎక్కింది. చెరకు ఉండే ఊరు అని బోలిస్" అన్నారు. అమ్మ చెప్పిన మాటను అలా తెలుగులో మొదలుపెట్టి వాళ్ల హిందీలో ముగించారు. ఆ తర్వాత వునిమోలి బస్సులో అరగంట సేపు మా చెరకు గురించే అడిగారు. మేము నాటే చెరకు ముక్కకు, అదే ముచ్చెకు, ఎన్ని కళ్లుంచుతాం, కొట్టిన మోడు నుంచి మళ్లీ లేచే కార్శి ఎన్నేళ్లు ఉంచుతాం, బెల్లం ఎలా వండుతాం. సగం నాకు తెలియదు. మా ఊరి చుట్టూ ఉన్న పంట గురించి వేల మైళ్ల అవతల పట్టుబడిపోయాను.

ఆయన ఇల్లు రేకులదే, కానీ వరండా చల్లగా ఉంటుంది. ముందు మెట్ట, వెనక చెరకు, చెరకు మధ్యలో వంకర తిరిగిన కాలవ. రాత్రి భోజనానికి అన్నం, పప్పు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు. పద్మ మాట చెప్పేశాను. గది గురించి, మంచం గురించి, దోమతెర గురించి. ఆయన శ్రద్ధగా విన్నారు. "ఆ గది కిటికీలో ఏం కనబడతాది?" అని అడిగారు. పక్కింటి గోడ కనబడుతుందని నిజం చెప్పాను. ఆయన నవ్వి, రేపు పది గంటలకు ఊరి పెద్దల దగ్గరికి వెళ్తున్నానని, భూగోళం చదవడానికి వచ్చాను కాబట్టి నన్నూ రమ్మని అన్నారు.

ఎవరైనా ఫిజీ ఊళ్లోకి వెళ్లాలంటే చేతిలో యంగోనా ఉండాలి. అది ఒక రకం మిరియపు జాతి మొక్క వేరు. దంచి నీళ్లలో పిసికి తాగుతారు. మత్తు కాదు, నాలుక మొద్దుబారుతుంది, మనసు కుదుటపడుతుంది. ఆ వేళ్ల కట్టను పెద్దల ముందు పెట్టి, ఎందుకు వచ్చామో చెప్పుకోవాలి. పెద్ద కోరిక అయితే తిమింగలం పన్ను కూడా పెట్టాలి. సింహాచలం గారు పేపర్లో చుట్టిన వేళ్ల కట్ట, గుడ్డసంచిలో తాడు కట్టిన పసుపుపచ్చని పన్ను సిద్ధం చేసుకున్నారు. దారిలో నాకు జాగ్రత్తలు చెప్పారు. ఊళ్లోకి వెళ్లగానే టోపీ తియ్యాలి. సంచి భుజాన ఉండకూడదు, చేతిలో పట్టుకోవాలి. చెప్పులు గుమ్మం బయట. కూర్చున్నవాళ్ల ముందు నిలబడి నడవకూడదు, వంగి వెళ్లాలి. గిన్నె ఇస్తే ముందు ఒక చప్పట, తాగాక మూడు. అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. పరీక్షకు వెళ్తున్నట్టే ఉంది.

పెద్ద గది, నేలంతా చాప. గోడవారగా పది పన్నెండు మంది మగవాళ్లు, గుమ్మం దగ్గర ఆడవాళ్లు. మధ్యలో కాళ్లున్న పెద్ద కొయ్య పళ్లెంలో యంగోనా. వంశానికి పెద్ద జోనె అనే ఆయన, సింహాచలం గారి ఈడువాడే. సింహాచలం గారు పన్నును రెండు చేతులా పట్టుకుని, తల వంచి, ఫిజీ భాషలో చాలాసేపు మాట్లాడారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అడుగుతున్న మనిషి ఏ భాషలో అడిగినా తెలిసిపోతుంది. అడగడం వద్దని పద్మ ఎందుకందో నాకప్పుడు తెలిసొచ్చింది.

జోనె పన్నును అందుకున్నారు. కొబ్బరిచిప్పలో యంగోనా ముందు ఆయనకు వెళ్లింది, తర్వాత అతిథిని కనుక నాకు వచ్చింది. ఒక చప్పట కొట్టాను. చిప్ప అందుకున్నాను. అందరూ నావైపే చూస్తున్నారు. చిప్పను మొహానికి జానెడు ఎత్తున పట్టుకుని, తల వెనక్కి వంచి, నోట్లోకి ఎత్తిపోసుకున్నాను.

ఎందుకలా చేశానంటే, నేను పుట్టి బుద్ధెరిగాక పదిమంది తాగే గిన్నెకు పెదవి ఆనించింది లేదు. గ్లాసు ఎంగిలి చేస్తే మా నాయనమ్మ వీపు చీరేసేది. చెయ్యి దానంతటదే పైకి లేచింది. స్టీలు గ్లాసుకు అంచు ఉంటుంది, ధార సన్నగా పడుతుంది. కొబ్బరిచిప్పకు అంచూ లేదు, ధారా లేదు. బురదరంగు నీళ్లు సగం ముక్కులోకి, మిగతా సగం చీర మీదికి, చాప మీదికి పోయాయి. పొలమారి దగ్గుతూ కళ్లు తెరిచాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకే గిన్నెలో తాగి మనమంతా ఒకటే అనుకునే చోట, మీ నోళ్లు తగిలిన గిన్నె నాకు తగలకూడదని పదిమందిలో చేసి చూపించానన్నమాట. చచ్చినంత సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. ముప్పై ఏళ్ల పొలాన్ని ఒక్క గుటకలో ముంచేశానా అనిపించి, సింహాచలం గారి వైపు చూడలేకపోయాను.

గుమ్మం దగ్గర బాగా ముసలావిడ ఒకామె ఏదో అంది. జోనె తల తిప్పి మళ్లీ అడిగారు. ఆవిడ చెయ్యి పైకెత్తి, తల వెనక్కి వంచి, నేను చేసినట్టే చేసి చూపిస్తూ చెప్పింది. ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత మగవాళ్లు. జోనె నాకు వాళ్ల హిందీలో చెప్పారు. ఆవిడ ఆయనకు అత్త. ఆవిడ చిన్నప్పుడు బావి దగ్గర సింహాచలం వాళ్లమ్మ ఇలాగే రేకు డబ్బా ఎత్తి నీళ్లు తాగేదట. ఊరి పిల్లలంతా నేర్చుకోవాలని చూసి ఒళ్లంతా తడుపుకునేవాళ్లట. ఆ అమ్మ ఒక్క చుక్క కూడా ఒలకబోసేది కాదట.

"నీకు ప్రాక్టీసు చాలదు" అన్నారు జోనె.

సింహాచలం గారు అప్పుడు నాతో తెలుగులో, మెల్లగా, "అమ్మ అట్లానే తాగేది. నేను మరిచిపోయినా. మరిచిపోయినా కాబట్టే నీకు చెప్పలే" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అదే చిప్ప మళ్లీ నిండి వచ్చింది. చప్పట కొట్టి, రెండు చేతులా పట్టుకుని, జోనె పెదవి తగిలిన చోటే నా పెదవి ఆనించి, ఒక్క గుక్కలో తాగేశాను. మట్టి రుచి, వగరు. నాలుక మొద్దుబారింది. మూడు చప్పట్లు కొట్టాను, గదంతా నాతోపాటు కొట్టింది. మా నాయనమ్మకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ తర్వాత గంట సేపు చిప్ప తిరుగుతూనే ఉంది. ఎవరూ పొలం మాట ఎత్తలేదు. చివరికి జోనె చెప్పారు, నాకు కూడా అర్థమయ్యేలా హిందీలోనే.

"ఘర్ తుమార్. గన్నా హమ్‌లోగ్ కాటేగా."

ఇల్లు నీది, చెరకు మేము కొట్టుకుంటాం అని. అంటే ఇల్లూ, ఇంటి చుట్టూ ఉన్న జాగా ఆయనవే, బతికున్నంతకాలం. ఈ ఏడు చెరకు కూడా ఆయనదే. ఆ పైన పొలం వంశం వాళ్లు చేసుకుంటారు. తమ కుర్రాళ్లు సువా వెళ్లి వాచ్‌మన్ పనులు చేస్తున్నారని, సొంత నేల ఉండి కూడా చెరకు పండించడం ఒక్కరికీ చేతకాదని జోనె చెప్పారు. ఆ చెప్పడంలో కోపం లేదు, ఆయనకూ సిగ్గుగానే ఉంది. సింహాచలం గారు రెండు చేతులూ దొప్పలా చేసి చప్పట్లు కొట్టారు. ఒప్పుకున్నట్టు. తర్వాత ఫిజీ భాషలో ఏదో అడిగారు. జోనె కొంచెంసేపు ఆయన్నే చూసి తలూపారు.

తిరుగుదారిలో అడగకుండా ఉండలేకపోయాను. నావల్లే పొలం పోయిందా అని.

"పొలం పది రోజుల కింద పోయినాది. నాకు ముందే ఖబర్ ఉంది" అన్నారాయన. "ఇవాళ అడిగినాది ఇల్లు. ఇస్తారని ఖబర్ లేదు."

పెద్దల గదిలో చివరగా జోనెను ఏం అడిగారని అడిగితే, రేపు పొద్దున కుర్రాళ్లను పంపమన్నానని చెప్పారు.

మర్నాడు ఆరింటికి నేను సంచి సర్దుకుని వరండాలోకి వచ్చేసరికి ముగ్గురు నిలబడి ఉన్నారు. పాతికేళ్ల వాళ్లు, ఎద్దుల్లాంటి భుజాలు, చేతిలో కత్తులు, మొహాల్లో మొహమాటం. సింహాచలం గారు నన్ను బస్సు దాకా దింపలేనని చెప్పారు. కాలవ ఎందుకు వంకర తిరిగిందో వీళ్లకు ఎండ ఎక్కకముందే చూపించాలట. వాన పడితే నీళ్లు ఎటు పోతాయో తెలియకుండా ఈ నేలలో చెరకు వేస్తే వేరు కుళ్లిపోతుందట. నమస్కారం పెట్టి, నలుగురూ చెరకులోకి వెళ్లిపోయారు. ఆరూ నలభై బస్సు ఒక్కదాన్నే ఎక్కాను. లంబాసా, నంబౌవాలు, ఓడ, నాతోవి, అన్నీ వెనక్కి తిరిగాయి. ఓడలో నిమ్మకాయ నేనే కొనుక్కున్నాను.

నసీనులో పద్మకు జరిగినదంతా చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. పొలం తీసుకున్నవాళ్లకే పొలం పని నేర్పడమేంటని, పెదనాన్నకు బుర్ర పోయిందని అంది. కొంతసేపయ్యాక గదిలోకి వెళ్లి కొత్త దోమతెర మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. నేను సాయం చేశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. సువా వైపు గొడుగు, లంబాసా వైపు తలకు గుడ్డ తప్పనిసరి. బస్సులు టైముకే బయల్దేరుతాయి, చేరేది మాత్రం వాటి ఇష్టం. ఊళ్లోకి యంగోనా లేకుండా వెళ్లకండి. గిన్నె ఇస్తే పెదవి ఆనించి తాగండి. ఆ దేశం ఎలా ఉందని అడిగితే, ఒక కొండకు రెండు వైపులా రెండు వాతావరణాలున్న దేశం అని ఇదివరకు చెప్పేదాన్ని. ఇప్పుడూ అదే చెబుతాను, కానీ ఆ రెండు వైపుల్లోనూ నాకు తెలిసిన మనుషులున్నారు. అందుకే పాఠం ఒకటిన్నర పీరియడ్‌లో అవడం లేదు.

తిరిగొచ్చే రోజు నాందీలో విమానం సాయంత్రం నాలుగుకు. మూడింటికి పద్మకు ఫోన్ చేశాను. కోపం చల్లారినట్టుంది. పొద్దున వునిమోలిలో కొట్టుకి ఫోన్ చేసి పెదనాన్నను పిలిపించమందట. కొట్టువాడు, ఆయన పొలంలో ఉన్నాడు, మధ్యాహ్నం చెయ్యి అన్నాడట.

"ఎవరి పొలంలో అని అడగలేదా?" అన్నాను.

"అడిగినా అక్కా" అంది పద్మ. "ఆ మనిషికి ప్రశ్న సమజ్ కాలేదు. ఆయన పొలంలోనే, ఇంకెక్కడ ఉంటాడు అన్నాడు."